అలక ముక్క

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా కోడలు వెయ్యి ముక్కల జిగ్సా పజిల్ డబ్బా ఒకటి తెప్పించింది. తార్నాకలో మా ఫ్లాటులో భోజనాల బల్ల ఆ నెలంతా దానికే అంకితమైపోయింది, మేమంతా పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. మనవరాలు ఆకాశం, కొడుకు ఇళ్ళ కప్పులు, కోడలు చెట్లు, నేను అంచులు. ఆఖరి ముక్క మిగిలినప్పుడు మనవరాలు దాన్ని నా అరచేతిలో పెట్టి, పెద్దదానివి కదా నానమ్మా, నువ్వే పెట్టు అంది. నేను అలవాటు కొద్దీ, ఇప్పుడు ఇంట్లో అలిగినవాళ్ళెవరు అని అడిగాను. ముగ్గురూ నా వంక వింతగా చూసి, ఎవరూ అలగలేదే అన్నారు. సరే అని నేనే పెట్టాను, ఫోటో తీశారు. ఆ ప్రశ్న నా నోట ఎందుకొచ్చిందో చెప్పబోతే సగంలో కుక్కర్ కూసింది, ఎవరి పని వాళ్ళకు గుర్తొచ్చింది. నా ఈడు వాళ్ళైతే చివరిదాకా వింటారని ఇక్కడ రాస్తున్నాను.

మా ఆయన లాలాగూడలో రైలు పెట్టెలు బాగుచేసే చోట వడ్రంగి పని చేసేవారు. పిల్లలు కొంచెం పెద్దయ్యాక మేము తార్నాకలో రెండు గదుల ఇంటికి మారాం, ముందు గదిలో నేను మిషను వేసుకుని జాకెట్లు కుట్టేదాన్ని. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. జనగామ దిక్కు ఊర్లో ఆడపిల్లను బడికి పంపాలన్న ఆలోచన మా నాయనకు రాలేదు, పంపమని అడగాలన్న ఆలోచన నాకూ రాలేదు. టేపు మీది అంకెలు మాత్రం తెలుసు. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి ఆ బట్టలోంచే ఒక పీలిక చింపి మూటకు ఒక్కొక్కరికి ఒక్కో రకం ముడి వేసేదాన్ని. ముడి చూస్తే మనిషి ముఖం కళ్ళ ముందుకొచ్చేది. నేను కుట్టిన జాకెట్ చంక దగ్గర ముడత పడిందని ఎవరూ వెనక్కి తేలేదు. కొంచెం గొప్ప చెప్పుకుంటున్నాను, కానీ నిజమే.

ఆ రోజుల్లోనే యూనివర్సిటీ క్వార్టర్స్ నుంచి ఒక లెక్చరరు గారి భార్య, ఎక్కడో పాడుచేయించుకున్న పట్టు జాకెట్ పట్టుకుని వచ్చింది. వాళ్ళది కాకినాడ. జాకెట్ బాగైంది. రెండోసారి వచ్చినప్పుడే నన్ను వదినా అని పిలిచింది, వాళ్ళ వైపు స్నేహితురాళ్ళు ఒకరినొకరు అట్లాగే పిలుచుకుంటారట. మా దగ్గర వదినె అంటాం. ఎట్లా అన్నా ఆ వరుసలో ఒక సుఖముంది, వదినె అన్నాక ఎంత మాటైనా అనొచ్చు, ఎంత మాటైనా పడొచ్చు. అప్పటి నుంచి ఆదివారాలు పిల్లల్ని వెంటబెట్టుకుని క్యాంపస్ చెట్ల నీడన నడుస్తూ వాళ్ళింటికి వెళ్ళడం మాకు అలవాటైంది.

లెక్చరరు గారికి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికే పిచ్చి ఉండేది. ఒక ఆదివారం పుస్తకాలతో పాటు మూత చిరిగిన అట్టపెట్టె ఒకటి తెచ్చారు. అందులో ఉన్నవి ఇట్లాంటి బొమ్మ ముక్కలే. అప్పట్లో జిగ్సా అనే మాట మాలో ఎవరికీ నోరు తిరిగేది కాదు, ఆమె దానికి ముక్కలాట అని పేరు పెట్టింది. ఆ పేరుతో వచ్చిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. కాకినాడ నుంచి వచ్చిన ఆమె పెదనాన్న గారు, మధ్యాహ్నాలు వదినగారితో ముక్కలాడుతున్నాం అని వినగానే పేకాట అనుకుని, చదువుకున్న కొంపలో ఆడవాళ్ళ పేకాటా అని అన్నం తినకుండా కూర్చున్నారు. మా ఇంట్లో కథ తిరగబడింది. ఒకరోజు ముక్కలు తెచ్చిన అని నేను డబ్బా దించితే, మా అత్త ఎంతో సంతోషంగా లేచి పొయ్యి ముట్టించి అల్లం వెల్లుల్లి నూరడానికి కూర్చుంది. డబ్బా తెరిచి చూశాక ఆమె నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆ ఆటలో మా ఇద్దరి పద్ధతులు వేరు. ఆమె బొమ్మను చూసి వెతికేది, ఇది పడవ, ఇది తెరచాప అనుకుంటూ. నేను బొమ్మను పట్టించుకునేదాన్ని కాదు, అంచు చూసేదాన్ని. మెడ కోతకు ఏ పట్టీ ఒంగుతుందో, చంక గుండ్రంలో చేయి ఎట్లా కూర్చుంటుందో కన్నుకు అలవాటైన పనే కదా. మా ఆయన ఒక ప్లైవుడ్ పలక కోసి, చుట్టూ సన్నటి చెక్క బద్ద కొట్టి ఇచ్చారు, దాని మీద పేరిస్తే ముక్కలు జారేవి కావు. లెక్చరరు గారు పేపరు చదువుతూ చదువుతూ మధ్యలో వచ్చి ఒక ముక్క పెట్టి, మొత్తం తానే పేర్చినట్టు మీసం దువ్వుకుంటూ వెళ్ళేవారు.

పిల్లలు నలుగురు, ఆఖరి ముక్క ఒక్కటి. దాని కోసం జుట్లు పట్టుకునేవారు. ఒకసారి మా చిన్న కూతురు దక్కలేదని అలిగి గోడ వైపు తిరిగి కూర్చుంటే, దాన్ని లేపే దారి తెలియక, ఇక నుంచి ఆఖరి ముక్క అలిగినవాళ్ళదే, వాళ్ళు వచ్చి పెట్టేదాకా ఎవరూ ముట్టుకోవద్దని తీర్పు చెప్పేశాను. చెప్పినప్పుడు తీర్పే, తర్వాత అది రెండిళ్ళలోనూ చట్టమైపోయింది. అలక ముక్క అనే పేరు కూడా దానంతటదే వచ్చింది. పెద్దవాళ్ళు కూడా వాడుకోవడం మొదలుపెట్టారు. పప్పులో ఉప్పు మర్చిపోయిన రోజు మా ఆయన ముక్క తీసి చొక్కా జేబులో వేసుకుని, మీ ఇష్టం అన్నట్టు ముసుగు తన్ని పడుకునేవారు. అలిగిన మనిషి ముఖం చూసి బతిమాలాలి, నవ్వించాలి, తప్పెవరిదైనా సరే. ముక్క కూర్చున్నాక ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు.

ఆ చట్టమే చివరికి నా మెడకు చుట్టుకుంది. లెక్చరరు గారికి రిటైర్మెంట్ దగ్గర పడింది. క్వార్టరు ఖాళీ చేసి కాకినాడ వెళ్ళిపోవాలని నిర్ణయించుకున్నారు. అదే కాలంలో హాస్టలు అమ్మాయిలు కొందరు తార్నాకలో ఒక హాలులో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టారు. మా వదినె నన్ను అడగకుండానే నా పేరు ఇచ్చి వచ్చింది. నేను వెళ్ళలేదు. ఏళ్ళు మీదపడ్డంక అక్షరాలెందుకని నవ్వి ఊరుకున్నాను. అసలు సంగతి సిగ్గు కాదు. సుద్ద గీత కూడా లేకుండా పట్టుబట్ట కోసే చేయి నాది, ఆ చేయి పలక మీద వంకర గీత గీస్తుంటే చూడటం నాకు ఇష్టం లేదు.

ఒక ఆదివారం మేము పడవల బొమ్మ పేరుస్తున్నాం. అప్పటికి మూడోసారో నాలుగోసారో పేర్చినట్టున్నాం. ఆఖరి ముక్క మిగిలింది. నేను ఏదో జోకు వేస్తుండగా ఆమె ముక్క తీసి కొంగు చివర ముడి వేసుకుంది. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను.

“అక్కడికెళ్ళాక నేను ఉత్తరం రాస్తే ఎవరిచేత చదివించుకుంటావు వదినా? నీకూ నాకూ మధ్య ఇంకో నోరెందుకు?” అంది. తర్వాత, తాను అలిగానని, నాకు చదవడం వచ్చేదాకా ముక్క పెట్టనని, చట్టం నేను చేసిందే కాబట్టి నాతో వాదన లేదని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆమె అలగడం నేను చాలాసార్లు చూశాను, ఒక పూట, మహా అయితే రెండు పూటలు. ఈసారి అట్లా కాలేదు. వెళితే కుర్చీ వేసేది, కాఫీ ఇచ్చేది, నోరు మాత్రం విప్పేది కాదు. సకినాలు చేసుకుని వెళ్ళాను. అన్నీ తినింది, డబ్బా కడిగి ఇచ్చింది, మాట్లాడలేదు. కొలత అడక్కుండా మామిడి పిందెల అంచు జాకెట్ కుట్టి తీసుకెళ్ళాను. అద్దంలో చూసుకుని లోపల పెట్టుకుంది, అంతే. బల్ల మీద ప్లైవుడ్ పలక అట్లాగే ఉంది, పైన పాత దుప్పటి కప్పారు, పాపం లెక్చరరు గారు కిటికీ గట్టు మీద కంచం పెట్టుకుని తినేవారు. నాకూ రోషం వచ్చింది. నేనూ అలిగానని కబురు పంపాను. అది విని మా ఆయన రంపం తుడుచుకుంటూ, “ఇద్దరు అలిగిన్రు, ముక్కేమో ఒక్కటే ఉండె. కోసి చెరి సగం ఇయ్యాల్నా ఏంది?” అన్నారు. పిల్లలు పడి పడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆమె వెళ్ళిపోయాక వచ్చే ఉత్తరాన్ని నా కొడుకు గబగబా చదివి, అంతా బాగున్నరంట అని మడిచి పెట్టేయడం కళ్ళ ముందు కనిపించింది. ఆమె మాటల్లో నాకు దక్కేది ఆ ఒక్క ముక్కేనా అనిపించింది.

మర్నాడు మిషను మీద గుడ్డ కప్పి ఆ హాలుకు వెళ్ళాను. అమ్మాయిలకు ముందే చెప్పాను, క్వార్టర్స్ వైపు ఈ మాట పొక్కిందంటే మీ పెళ్ళి జాకెట్లు కుట్టనని. ఆమెకు చెప్పకపోవడానికి కారణముంది. నాలుగు వంకర గీతలు గీసి వెళ్ళి, క్లాసులో కూర్చున్నాను, ఇక ముక్క పెట్టు అనడం నా పద్ధతి కాదు, సగం కుట్టిన జాకెట్ ఎవరికైనా ఇస్తామా? మొదట్లో చేయి ఎదురుతిరిగింది. కత్తెరకు లొంగిన వేళ్ళు బలపానికి లొంగలేదు. కానీ గుణింతాలు వచ్చేసరికి నాకు దారి దొరికింది. ఎత్వం పైన కూర్చోవాలి, కొమ్ము పక్కన తగలాలి, ఒత్తు కిందికి దిగాలి, ఒకదాని చోట ఇంకొకటి పెడితే కూర్చోదు. ఇదంతా అంచుల పనే కదా అనుకున్నాను. ఆ తర్వాత నన్ను ఆపడం ఆ పిల్లల తరం కాలేదు. మౌలాలి బస్సు బోర్డు, కిరాణా షాపు గోడ, ఉల్లిగడ్డ పొట్లం కట్టిన పేపరు, కనిపించిందల్లా కూడబలుక్కుంటూ నడిచేదాన్ని. ఒకసారి లాలాగూడ అని చదువుతూ నిలబడిపోయి ఎక్కాల్సిన బస్సు వదిలేశాను.

ఈ లోపల అక్కడ సామాను కట్టడం మొదలైంది. ఆమె సంగతి నాకు తెలియదు, నా సంగతి ఆమెకు తెలియదు, ముక్కల పలక ఇంకా బల్ల మీదే ఉందని మా చిన్నది చెప్పింది. ఇక ఆగితే లాభం లేదని, ప్రయాణానికి వేసుకుంటానని ఆమె అంతకు ముందెప్పుడో ఇచ్చిన నీలం బట్ట తీసి జాకెట్ కుట్టాను. ఎప్పుడూ వేసే పీలిక ముడి ఈసారి మూటకు వేయలేదు. బట్ట మీద గీతలు గీసే సుద్ద తీసుకుని జాకెట్ లోపలి వైపు మూడక్షరాలు రాశాను. పట్టుకెళ్ళి చేతిలో పెట్టాను. ఆమె అలవాటు ప్రకారం కుట్టు చూడటానికి లోపలి వైపు తిప్పింది.

వదినె అని ఉందక్కడ. తల ఎత్తాక చూస్తే కళ్ళు నిండి ఉన్నాయి, అయినా లెక్చరరు గారి భార్య కదా, తప్పు వదలదు. “అంతా బాగుంది గానీ, చివరన ఆ ఎత్వం ఎక్కువైంది వదినా” అంది.

“ఎక్కువేం గాలే. మా దగ్గర వదినెకు ఎత్వం ఉంటది. అది తీసేస్తె నువ్వు కాకినాడోళ్ళకు వదినవైతవ్, నాకు గావు” అన్నాను.

అన్ని వారాలు ఆపుకున్న మాటలన్నీ ఆ తర్వాత ఒకేసారి వచ్చాయి, అవి ఎన్నని రాయను. ముక్క ముడేసిన చీర ఉతక్కుండా అట్లాగే దాచిందట, తెచ్చింది. ఆ కొంగు ముడి విప్పడానికి ఆమెకు చేతకాలేదు, బిగిసిపోయింది, నేనే పళ్ళతో లాగి విప్పాను. ఇద్దరం దుప్పటి తీశాం. ముక్క ఆమె పెట్టింది. ఎదురుగా నిలబడి లెక్చరరు గారు, ఇక నా బల్ల నాకిస్తారా అని అడిగారు.

తర్వాత కాకినాడ నుంచి ఉత్తరాలు వచ్చాయి. నాకు నేనే చదువుకున్నాను, నేనే జవాబు రాశాను. మొదటి జవాబు రాయడానికి ఒక ఆదివారమంతా పట్టింది, తర్వాత తర్వాత అన్నం ఉడికే లోపల ఒక ఇన్లాండు కవరు నింపేదాన్ని. ఆ ఉత్తరాల్లో కూడా ఆమె అలిగేది. జవాబు ఆలస్యమైందని, కూతురి పెళ్ళికి నాలుగు రోజులు ముందు రాలేదని, నా కోడలి గురించి తనకంటే ముందు ఇంకెవరికో చెప్పానని. నేనూ తక్కువ తినలేదు. రెండు పేజీలు తిట్టుకుని చివర్లో ఆరోగ్యం జాగ్రత్త అని రాసుకునేవాళ్ళం. ఇప్పుడు ఆమె లేదు, మా ఆయనా లేరు.

ఇప్పటివాళ్ళు మంచివాళ్ళు, ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. మా ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు. మనసుకు కష్టం కలిగితే తలుపు వేసుకుంటారు, లేకపోతే ఫోనులో నాలుగు రోజులు మాట ఆపుతారు, వాళ్ళంతట వాళ్ళే తేరుకుని బయటికొస్తారు, ఎవరినీ ఇబ్బంది పెట్టరు. అలక అది కాదు. అలగాలంటే ఎదురుగా కూర్చోవాలి, ఎదుటి మనిషి వచ్చి బతిమాలుతుందన్న ధీమా ఉండాలి, ఆ మనిషికి బతిమాలే తీరిక ఉండాలి. నాకు ఏ లోటూ లేదు. మందులు వేళకు ఇస్తారు, ఏదైనా కొనేముందు నన్ను అడుగుతారు, నేను రాసింది చదివి బాగుందంటారు. నా మీద అలిగే మనిషి మాత్రం ఒక్కరూ లేరు.