కండె లేని నాడె

నేతగాళ్ళుండే దాజీ పేట్‌లో సిద్ధరాములు నోటికి తాళం లేదని అందరికీ తెలుసు. పనిమంతుడే, మనసూ మంచిదే. నోరే అతని కొంప ముంచేది. మీసాలు రాకముందే మరమగ్గాల షెడ్డులో చేరి అక్కడే నడివయసుకు వచ్చాడు. ఒక్కడే నాలుగు మగ్గాలు చూసుకునేవాడు. పడుగులో దారం తెగితే చాలు, కళ్ళతో వెతికి, వేళ్ళతో ముడి బిగించి, పక్కవాడు తల తిప్పేలోగా మగ్గాన్ని మళ్ళీ నడిపించేవాడు. ఎవరు కదిపినా ఛాతీ విరుచుకుని, "మేం నేసెటోళ్ళం" అనేవాడు.

మొన్న ఎండాకాలంలో ఆ షెడ్డు మూతపడింది. యజమాని మగ్గాలను పాత ఇనుము కింద తూకానికి అమ్మేశాడు. కొత్తగా వచ్చిన ఆటోలూమ్‌ల దగ్గరికి వెళితే, అక్కడ కుర్రవాళ్ళు చాలన్నారు. భార్య పద్మ బీడీలు చుట్టబట్టి పొయ్యి వెలుగుతోంది. సిద్ధరాములు పొద్దున లేచింది మొదలు టీ బండి దగ్గర చేరి, పని ఉన్నప్పటికంటే రెట్టింపు మాట్లాడేవాడు. పని పోయాక అతనికి మిగిలింది నేతగాడన్న పేరొక్కటే. దాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు పాపం.

రాఖీ పున్నమికి నేతగాళ్ళ కులదైవం మార్కండేయుని రథం కదిలే రోజున వాళ్ళ గల్లీ వాళ్ళు ట్రాక్టర్ ట్రాలీ మీద చేతిమగ్గం ఒకటి కట్టి ఊరేగింపులో నడిపిస్తారు. ట్రాలీ వెళుతుంటే దాని మీద బట్ట నేస్తూ పోవాలి. అది గల్లీకి గొప్ప. ఏటా ఆ మగ్గం మీద కూర్చునేది రామచంద్రం. గల్లీలో చేతిమగ్గం వదలని ముసలాయన ఆయనొక్కడే. ఈసారి ఆ మాట టీ బండి దగ్గరికి వచ్చింది. ఊరేగింపు పనులు చూసే వెంకటేశ్ కూడా అక్కడే ఉన్నాడు. సిద్ధరాములు నోరు ఊరుకుంటుందా?

"రామచంద్రం కాకకు కండ్లు కనబడుతలేవు. నడిమిట్ల దారం తెగితే ఏం జేస్తడు? ఈసారి నేను కూసుంట" అన్నాడు.

"నీకు చేతిమగ్గం వస్తదా అన్నా?" అని అడిగాడు వెంకటేశ్.

"అరే, మా తాత నేసిండు, మా బాపు నేసిండు, నాకు రాదా? మగ్గం మగ్గమే గదా!"

ఆ పేటలో పుట్టినవాడు నేత వచ్చునంటే కాదనేదెవరు? వెంకటేశ్ సరేనన్నాడు. నిజానికి పడుగు మధ్య పేక దారాన్ని అటూ ఇటూ మోసే నాడెను సిద్ధరాములు చేత్తో ఒక్కసారైనా విసిరి ఎరుగడు. రామచంద్రం కళ్ళ సంగతీ అతనికి తెలియదు. ఆ పీట మీద తను కూర్చోవాలి, తనను అందరూ చూడాలి, అంతే. దానికోసం పెద్దమనిషి కళ్ళ మీదికి ఓ మాట తోసేశాడు.

ఆ మాట రామచంద్రం చెవినా పడింది. ఊరేగింపు రోజు పొద్దున ఆయనే తన నాడె తెచ్చి సిద్ధరాములు చేతిలో పెట్టాడు. "ఇది మంచిగ సాగుతది, తీస్కో" అని వెనక్కి తిరిగి గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు. సిద్ధరాములుకు ఎక్కడో చురుక్కుమంది. కానీ అప్పటికే తలపాగా చుట్టుకుని ఉన్నాడు.

ట్రాలీ కదిలింది. ముందు డప్పులు, చేతుల్లో లేజిమ్ తాళాలు మోగిస్తూ ఆడే పిల్లలు, ఇరువైపులా గల్లీ గల్లీ జనం. కూతురు కోమల్ జోడ్‌భావి పేట్ నుంచి అత్తమామలను వెంటబెట్టుకుని మరీ వచ్చింది. సిద్ధరాములు కాలితో తొక్కుడు బద్ద తొక్కి, నాడెను విసిరే చేతాడు లాగాడు. పడుగు సగమే విడింది, చేయి మాత్రం పూర్తి బలంతో గుంజింది. నాడె దారాల్లోకి దూరి, బెత్తెడు మేర తెంపుకుని, ట్రాలీ దాటి లేజిమ్ పిల్లల కాళ్ళ దగ్గర పడింది. డప్పు ఆగింది. "అరే, క్యాచ్ పట్టుండ్రి!" అన్నారెవరో. వీధి వీధంతా నవ్వింది. నాడె తెచ్చి ఇచ్చారు. మళ్ళీ విసిరాడు, మళ్ళీ పడింది. చివరికి వెంకటేశ్ ట్రాలీ పక్కన నడుస్తూ, "అన్నా, ఊకె చేతులు ఆడియ్యి, బస్" అని గొంతు తగ్గించి చెప్పాడు. ఊరేగింపు అయ్యేదాకా సిద్ధరాములు అలాగే నేయని మగ్గం మీద చేతులు ఆడిస్తూ, ముఖానికి నవ్వు పులుముకుని కూర్చున్నాడు. చుట్టూ ఫోన్లు పైకి లేచి అదంతా వీడియో తీశాయి.

ఆ తర్వాత అతను టీ బండి వైపు వెళ్ళలేదు. బయటికి వెళ్ళక తప్పకపోతే వెనక సందులో నుంచి వెళ్ళేవాడు. పద్మతో కలిసి వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళు అతను గడప దాటగానే మాటలు ఆపేసేవారు. కోమల్ ఫోన్ చేసి, "ఫికర్ జెయ్యకు బాపూ, అందరు మర్చిపోతరు" అంది. తిట్టినా బాగుండేది. పిల్ల తనను ఓదార్చే గతి పట్టినందుకు తల కొట్టేసినట్టయింది. జనం నవ్వడం ఒక ఎత్తు, నవ్విన మాట నిజం కావడం ఇంకో ఎత్తు. ఇన్నేళ్ళూ నేసింది మరమగ్గం, తను దానికి కాపలా మనిషి. ఆ సంగతి లోకానికంటే తనకే ఆలస్యంగా తెలిసింది. అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకోవడానికి కూడా సిగ్గేసేది.

రామచంద్రం నాడె మొన విరిగి, పక్క చీలి, సిద్ధరాములు ఇంట్లోనే ఉండిపోయింది. తువ్వాలులో చుట్టి ట్రంకుపెట్టె వెనక దాచాడు. ఇల్లు ఊడుస్తూ పద్మ దాన్ని బయటికి తీసింది.

"ఇది కాకది గదా? పోయి ఇచ్చిరా."

"ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

"ఉన్న మొఖమే. ఇంకోటి యాడికెల్లి తెస్తవ్?" అంది పద్మ, చీపురు ఆపకుండానే.

మధ్యాహ్నం గల్లీ నిద్రలో ఉన్న వేళ చూసి వెళ్ళాడు. రామచంద్రం ఇంటి తలుపు మూసి ఉంది. లోపల మగ్గం ఆడుతోంది, ఎప్పటిలాగే సాఫీగా. తట్టాడు, వినబడినట్టు లేదు. నెమ్మదిగా తోసి లోపలికి వెళ్ళాడు.

ముసలాయన గుంటమగ్గంలో కాళ్ళు పెట్టి నేస్తున్నాడు. కాలు, చేయి, నాడె అన్నీ వేళకు కదులుతున్నాయి. అయితే బట్ట పెరగడం లేదు. సిద్ధరాములు దగ్గరికి వెళ్ళి చూశాడు. నాడెలో కండె లేదు. పేక దారం చుట్టి పెట్టే ఆ కండె లేకుండా ఖాళీ నాడె అటూ ఇటూ పరుగెడుతోంది. పడుగులో తెగిన దారాలు వేలాడుతున్నాయి. అంతకుముందు నేసిన చీర మీద దుమ్ము పట్టింది.

"ఎవరు?" అన్నాడు రామచంద్రం. మగ్గం ఆగింది.

"నేను కాకా, సిద్ధూను."

ముసలాయన ముఖం ఒక్కసారి ముడుచుకుపోయింది. దొరికిపోయినవాడి ముఖం అది. సిద్ధరాములుకు కొత్త కాదు, రోజూ అద్దంలో చూస్తున్నదే.

"ఎప్పటిసంది కాకా?"

"ఉగాది కాడికెల్లి. తెగిన దారం కనబడుతలేదు. తడుముత, దొరుకది."

"మరి ఎందుకు ఆడిస్తున్నవ్?"

"సప్పుడు బందైతే గల్లీ అంత అడుగుతది గదరా. ఏమని చెప్పాలె?" అని చేతాడు వదిలి, "నువ్వు టీ బండి కాడ అన్నవంటగా. నీకెట్ల తెలిసిందో అని బుగులైంది" అన్నాడు.

సిద్ధరాములుకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. "నాకేం తెల్వదు కాకా. ఉట్టిగనే అన్న. పీట కోసం అన్న" అన్నాడు. తువ్వాలు విప్పి విరిగిన నాడె చూపించాడు. ఆయనకు అదీ కనబడదని గుర్తొచ్చి, చేతిలో పెట్టాడు. రామచంద్రం మొన తడిమి, చీలిక తడిమి, పక్కన పెట్టేశాడు.

ఏం చేయాలో తోచక సిద్ధరాములు మగ్గం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తెగిన దారం ఒకటి పట్టుకున్నాడు, దాని జంట వెతికి ముడి వేశాడు. ఇంకొకటి వేశాడు. ఈ పని మాత్రం వేళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పడుగంతా అతుక్కున్నాక రామచంద్రం దాని మీద అరచేయి పరిచి, ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరాడు. ఎక్కడా ఖాళీ తగల్లేదు. కళ్ళు తుడుచుకుని గుంటలోంచి లేచాడు.

"దిగు" అన్నాడు.

"నేనా?"

"నాకు కనబడది, నీకు రాదు. ఇంకెవరు దిగుతరు?"

ఆ రోజు నుంచి సిద్ధరాములు మధ్యాహ్నాలు అక్కడికే వెళ్ళేవాడు. వెళ్ళగానే తలుపు మూసేవాడు. ముసలాయన పక్కన కూర్చుని, వింటూనే తప్పు పట్టేవాడు. "అట్ల గుంజకు, బావిల చేద తోడుతున్నవా? కాలు దిగినంక చేయి." నాడె మాటిమాటికీ గుంటలో పడేది. చంటిపిల్లవాడికి నడక నేర్పినట్టు తనకు నేర్పుతుంటే, ఈ వయసులో ఇదేం ఖర్మ అనిపించేది. అయినా జానెడు బట్ట తయారైంది. అంచు వంకరగా ఉంది, మధ్యలో పలచబడింది. కానీ అది తన చేత్తో నేసిన బట్ట. దాన్ని వేలితో తాకి చూసుకున్నప్పుడు, పని పోయాక మొదటిసారి అతనికి రేపటి మీద ఆశ కలిగింది.

ఒకనాడు బయట నుంచి వెంకటేశ్ గొంతు వినబడింది. "కాకా, తబియ్యత్ ఠీక్ హై నా? పానం మంచిగున్నదా? మగ్గం సప్పుడు తేడా వస్తున్నదని అందరు అంటున్నరు."

సిద్ధరాములు ముసలాయన చేయి పట్టుకుని, "చెప్పకు కాకా" అని గుసగుసలాడాడు. మంచిగనే ఉన్న అని ఒక్క మాటంటే ఇద్దరి పరువూ దక్కేది. రామచంద్రం ఆ చేయి విడిపించుకున్నాడు. తర్వాత గట్టిగా, గల్లీకంతా వినబడేలా అన్నాడు: "నా కండ్లు పోయినయిరా వెంకటేశూ! నేను నేస్తలేను!"

వెంకటేశ్ తలుపు దగ్గరికి వచ్చాడు. "మరి నేసేదెవరు?"

ముసలాయన సిద్ధరాములు వైపు ముఖం తిప్పాడు. టీ బండి దగ్గర ఎన్నడూ తడబడని నోరు ఎండిపోయింది.

"నేనే" అన్నాడు చివరికి. "నేర్చుకుంటున్న."

తలుపు తెరుచుకుంది. వెంకటేశ్, అతని వెనక బీడీల బుట్టలతో ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళు చూస్తుండగానే సిద్ధరాములు చేతాడు లాగాడు. నాడె సగం దూరం వెళ్ళి గుంటలో పడింది. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతని చెవులు కాలిపోయాయి.

"తలుపు ముయ్యాల్నా అన్నా?" అన్నాడు వెంకటేశ్, జాలిగా.

"వద్దు. వెల్తురు గావాలె" అని, సిద్ధరాములు వంగి నాడె తీసి మళ్ళీ విసిరాడు.