రాహుకాలానికి ముందే బిగించిన మూత

1983 వేసవి. తిరుపతిలో నా అంబాసిడర్ టాక్సీని కొండకు తిప్పుతున్న రోజులు. ఆ గురువారం వడమాలపేట రైతు మునిరత్నం నాయుడి కూతురిని పెళ్ళికి తిరుమల చేర్చాలి. ముహూర్తం సాయంత్రం. మగపెళ్ళివారు ముందురోజే పైకి వెళ్ళిపోయారు.

పొద్దున రేడియేటర్ మూత తీసి చూస్తే కూలెంట్ తుప్పురంగుకు తిరిగింది. ఇంజన్ వేడిని లాక్కుని, లోపల తుప్పు పట్టకుండా కాపాడే ద్రవం అది. రెండేళ్ళకొకసారి మార్చాలి; రంగు చెడితే అంతవరకూ కూడా ఆగకూడదు. దానితో కొండెక్కనని మెకానిక్ చెంగల్రాయుడి షెడ్డుకు తీసుకెళ్ళాను.

చల్లారిన ఇంజన్ కింద కుళాయి విప్పి పాతది వదిలేశాడు. తేటనీళ్ళు వచ్చేదాకా కడిగాడు. మంచినీళ్ళు కలిపిన కొత్త కూలెంట్ పోశాడు. అంతవరకూ తప్పు పట్టను. ఆ తర్వాత మూత తెరిచే ఉంచి ఇంజన్ ఆడించాలి. లోపల చిక్కుకున్న గాలి బుడగలుగా బయటికి వచ్చేయాలి. గాలి మిగిలితే కూలెంట్ తిరగదు. దాన్ని ఎయిర్‌లాక్ అంటాం.

బుడగలు వస్తుండగానే నాయుడు షెడ్డులోకి వచ్చాడు.

"ఏమప్పా, ఇంకా ఈడనే ఉండారా? ఒకటిన్నరకు రాహుకాలం. ఆలోపల బండి కదలాల."

"బుడగలు ఆగనీ అన్నా," అన్నాను.

"బుడగలు సూస్తా కూసునేదానికా నిన్ను మాట్లాడుకునింది?"

చెంగల్రాయుడు నవ్వుతూ మూత బిగించేశాడు. "ఏం కాదు, పోబ్బా. కొండెక్కేలోపల అదే సర్దుకుంటాది." చక్రాల కింద నిమ్మకాయలు కూడా తనే పెట్టాడు. మూత అప్పుడే బిగించొద్దన్నది నేనొక్కడినే. వాళ్ళిద్దరూ ఆ మాట మరిచిపోయి ఉండవచ్చు, నేను మరవలేదు.

వడమాలపేటలో పెళ్ళికూతురిని, ఆమె మేనత్తను ఎక్కించుకుని కొండెక్కుతుంటే, ఘాట్ రోడ్డు సగంలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీతను తాకింది. బండి పక్కకు తీసి, చక్రాలకు రాళ్ళు పెట్టి బానెట్ ఎత్తాను. నాయుడు నీళ్ళ క్యాన్ పట్టుకుని దిగాడు.

"మూత తియ్. నీళ్ళు పోస్తాను."

"ఇప్పుడు తీస్తే ఆవిరి మొహాన కొడతాది అన్నా. కాగిన ఇంజన్లో చన్నీళ్ళు పడితే పగిలిపోతాది. చల్లారనీ."

"చల్లారేలోపల ముహూర్తం దాటిపోతాది! నీళ్ళు పోసేది చాతకానోడికి స్టీరింగు ఎవురిచ్చినార్రా?"

వెనక సీట్లో మేనత్త ఫక్కున నవ్వింది. నాయుడు తువ్వాలు చేతికి చుట్టుకుని మూత మీదికి వంగాడు. నేను అడ్డం నిలబడ్డాను. భుజం పట్టి లాగాడు. నేను కదల్లేదు.

అప్పుడు పెళ్ళికూతురు భారతి పట్టుచీర ఎత్తిపట్టుకుని దిగింది. "నాయనా! ఆ చెయ్యి కాల్చుకుంటే నన్ను యా చేత్తో ధారపోస్తావు?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పిట్టగోడ మీద కూర్చుని, దిగిపోతున్న ఎండనే చూస్తూ ఉండిపోయాడు.

రేడియేటర్ పైగొట్టాన్ని ఉత్త చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, మూత మీద తడిగుడ్డ వేసి కొంచెమే తిప్పాను. బుస్సుమంది. పూర్తిగా తీస్తే లోపల కూలెంట్ బాగా అడుక్కు దిగిపోయి ఉంది. ఇంజన్ ఆడిస్తూ కొద్దికొద్దిగా నీళ్ళు పోశాను. బండి ముక్కు ఎత్తు మీద ఉండటంతో గాలి సులువుగా రేడియేటర్ వైపు వచ్చింది.

నాయుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఇంకా వస్తుండాయా?"

"వస్తుండాయి."

ఈసారి టైము మాట ఎత్తలేదు. ఆఖరి బుడగ పగిలాక మూత బిగించాను.

తిరుమలలో మేం బండి దిగేసరికి పురోహితుడు పెళ్ళికూతురిని పిలుస్తున్నాడు. నాయుడు రెండు చేతులతోనూ కూతురిని ధారపోశాడు. తర్వాత అందరికీ చెప్పాడు: "బండి మోసం చేసినా మా బిడ్డ జాతకం గట్టిది." నేను వినేంత దూరంలోనే ఉన్నాను. భోజనానికి రమ్మని కూడా అనలేదు.

అప్పటినుంచి కూలెంట్ మార్పించిన ప్రతిసారీ రేడియేటర్ మూత నా జేబులో వేసుకుని నిలబడతాను. బుడగలు ఆగేదాకా మెకానిక్ అడిగినా ఇవ్వను, బండెక్కేవాళ్ళు అరిచినా ఇవ్వను. మొండివాడంటారు. అననీ. ఆ కొండదారిలో నేను మొండికెయ్యకపోతే ఆ పెళ్ళిలో ధారపోసే చెయ్యే ఉండేది కాదు.