లక్ష్ముడి కూర వాటా

తవిటయ్యను సముద్రం తీసుకుపోయాక రామయ్యపట్నంలోని ఆ ఇంట్లో చేపలకూర వండలేదు. పడవలో అతని వాటాను తోటివాళ్లు కొనుక్కుని, అరవై వేలు భార్య బుల్లమ్మకిచ్చారు. ఆమె ఆ డబ్బు కొడుకు లక్ష్ముడి చేతిలో పెట్టింది. వాడికి ఇరవై ఏళ్లు. బరంపురంలో పట్టుచీరల దుకాణంలో చీరలు మడతపెట్టే పని. తండ్రి పోయిన నాటి నుంచి అల చప్పుడు వినపడకుండా కిటికీ మూసుకుని పడుకుంటాడు. ఎవరైనా అడిగితే దోమలంటాడు.

చిన్నాన్న పైడన్న మాత్రం వదల్లేదు. "ఆ డబ్బు నా పడవలో ఎయ్యి. వాటా ఉన్న ఇంటినుంచి మనిషి రావాల. నువ్వూ ఎక్కు."

"పోస్టాఫీసులో ఏసినాను, సిన్నాన్నా."

"ఏసినావా! పడవలో వాటా ఉంటే, పడింది గుప్పెడైనా అమ్మకముందే కూరకి సేపలు ఇంటికొస్తాయి. నీ పోస్టాఫీసు కూర పెడతాదేటిరా?"

కొడుకు పడవెక్కడం బుల్లమ్మకు ఇష్టం లేదు. పైడన్న వెళ్లాక కొడుకుని పిలిచింది. "ఎల్లి అడిగి రారా. ఏటీ రాదంటే మీ సిన్నాన్నకి నేనేటని సెప్పను?"

లక్ష్ముడు అడగడానికే వెళ్లి ఉంటే బాగుండేది. సంచి కూడా పట్టుకెళ్లాడు.

బరంపురంలోని గోసాని నువాగాం పోస్టాఫీసులో, కౌంటరు వెనక కూర్చున్న శ్యామలాదేవి కళ్లద్దాలు పైకి తోసుకుంది. "ఏటి బాబూ, ఈ సంచి?"

"కూర వాటాకి, మేడమ్‌గారూ. నిన్న డబ్బేసినాను కదా."

వరుసలో వెనకనున్నాయన ఒడియాలో, ఇదేమన్నా చేపల దుకాణమా అన్నాడు. వరుసంతా నవ్వింది. లక్ష్ముడు తలెత్తకుండా సంచిని అంచుకి అంచు కలిపి, పట్టుచీరలా మడతపెట్టాడు.

శ్యామలాదేవికీ నవ్వు ఆగలేదు. పడవ వాటా ఎందుకు అమ్మారో విన్నాక మాత్రం ఆగిపోయింది. వరుస కరిగేదాకా వాడిని బల్ల మీద కూర్చోబెట్టి, తర్వాత పిలిచింది.

"మీ నాన్న ఉన్న వలలన్నీ ఒక్కసారే ఏసీవోడా?"

"లేదు మేడమ్‌గారూ. ఒకటి ఇంటికాడే ఉంచీవోడు. సిరిగితే కావాల గదా."

"మరి నువ్వూ అలాగే సెయ్యి. పదిహేను వేలు ఈ ఖాతాలోనే ఉండనీ. అమ్మకి జొరమొస్తే ఎవర్నీ అడక్కర్లేదు. నలభై వేలు నెలనెలా వడ్డీ ఇచ్చే పథకంలో పెట్టు. అసలు సొమ్ము ఐదేళ్లు కదపకు. ఆ వడ్డీయే నీ కూర వాటా. మిగతా ఐదు వేలతో కావాలంటే షేర్ల ఫండు నేర్చుకో. అది పెరుగుతాది, తరుగుతాది. తరిగిందని పరిగెత్తుకెళ్లి తీసీకు."

"మూడేళ్లలో రెట్టింపు ఇస్తామని మా దుకాణానికి ఒకాయన వస్తన్నాడు..."

"ఆయనొస్తే నువ్వు సీరలు మడతెట్టుకో."

మొదటి వడ్డీ వచ్చేసరికి, సముద్రంలో ఏటా సర్కారు పెట్టే వేట నిషేధం మొదలైంది. పడవలన్నీ ఇసుకలో పడుకున్నాయి. లక్ష్ముడు ఆ వడ్డీ డబ్బుతో బరంపురంలో చేప కొని, అదే సంచిలో తెచ్చి గుమ్మంలో పెట్టాడు. బుల్లమ్మ సంచి విప్పి చూసింది. తర్వాత కత్తిపీట కడుక్కొచ్చింది.

వాసనకు పైడన్న రానే వచ్చాడు. "సెరువు సేపా? ఉప్పుగాలి తగల్లేదు దీనికి," అంటూనే రెండోసారి కంచంలో వేయించుకున్నాడు.

"పడవలోకి ఇంకెవర్నైనా సూసుకో, మరిదీ," అంది బుల్లమ్మ నెమ్మదిగా.

పైడన్న ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు. లక్ష్ముడి ముఖం చూశాడు. "సూసుకుంటాన్లే, వదినా. పులుసెయ్యి."

ఆ ఇంట్లో చేప తలకాయ ముక్క ఎప్పుడూ తవిటయ్యదే. బుల్లమ్మ దాన్ని గరిటెలోకి తీసి కొడుకు కంచంలో వేసింది.