మా వీధిలో ఎర్తు అడిగిన మనిషి

పోయిన వారం సైదాబాద్‌లోని మా ఇంటికి కొత్త వాషింగ్ మెషీన్ వచ్చింది. బిగించడానికి వచ్చిన కుర్రాడు, మా ఎక్స్‌టెన్షన్ బోర్డుకు రెండే రంధ్రాలు ఉండటం చూసి, ప్లగ్గులో లావు పుల్లను కత్తిరించబోయాడు. “ఏం గాదు సార్, అందరిండ్లల్ల గిట్లనే చేస్తం” అన్నాడు. నేను అతని చేతిలోంచి కటింగ్ ప్లేయర్ తీసుకున్నాను. అతనికి నా వాలకం అర్థం కాలేదు. అర్థం కావాలంటే గౌలిపురలో మా ఇంటి ఓనరమ్మ గురించి చెప్పాలి.

ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో పై వాటాలో ఉండేవాళ్లం. వాళ్లది పాల వ్యాపారం. వాకిట్లో మూడు గేదెలు, పచ్చిగడ్డి వాసన, ఎప్పుడూ ఆరని నేల. వాటిని నేను గేదెలంటే ఆమె నవ్వి, “బర్రెలనండ్రి సారూ, గవి పలుకుతయి” అనేది. నీళ్ల మోటారు పైపు వచ్చి ఇనుప తొట్టిలో పడేది. కొత్త మోటారు తెచ్చినప్పుడు మా కిటికీలోంచి వైరు లాగి కరెంటు ఇచ్చింది నేనే. ప్లగ్గు మా బోర్డులో పట్టలేదు. మూడో పుల్లను కత్తిరించి పెట్టేశాను. డిగ్రీ చదివినవాణ్ణి కదా, నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా.

ఆ వేసవి మొదట్లో పెద్ద గేదె తొట్టి దగ్గరకు వచ్చి, మూతి ఆనించగానే వెనక్కి ఉరకడం మొదలుపెట్టింది. పాలు తగ్గాయి. వాళ్లత్తగారు దిష్టి తీశారు. పశువుల డాక్టరు మందిచ్చాడు. ఓనరమ్మ మాత్రం రెండు రోజులు పని మానుకుని, అరుగు మీద కూర్చుని గేదెనే చూసింది. మూడో రోజు సాయంత్రం గబగబా వచ్చి మెయిన్ ఆపేసింది. అప్పుడే బడి నుంచి వచ్చి, బూట్లు విప్పి, తొట్టి దగ్గర కాళ్లు కడుక్కోబోతున్న కూతుర్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

“మోటరు బందుంటె తాగుతది, మోటరు చాలూ అయితె ఎన్కకు ఉరుకుతది. గిది దిష్టి గాదు సారూ, కరెంటు.”

రోజూ ఆ తొట్టి ముట్టుకుంటున్నాం, మాకెందుకు తెలియలేదని అడిగాను.

“మనకు రబ్బరు చెప్పులుంటయి. బర్రె చెప్పులేసుకోదు గద.”

ఎలక్ట్రిక్ పని చేసే పెద్దాయన వచ్చి, మెయిన్, మోటారు వేయించి, తొట్టికి టెస్టర్ ఆనించగానే లోపలి బల్బు ఎర్రగా వెలిగింది. మోటారులో ఎక్కడో వైరు ఒరుసుకుపోయి, మూడో పుల్ల గుండా భూమిలోకి పోవలసిన కరెంటు దారి లేక తొట్టిలోకి వస్తోందన్నాడు. ప్లగ్గు చూసి, “కిస్నే కాటా?” అని, కత్తిరించిందెవరని అడిగాడు. నేనేనని ఒప్పుకున్నాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. “తయారు జేసినోడు మూడో పుల్ల ఊకెనే పెట్టిండా సారూ?” అని మెల్లగా అడిగింది, అంతే.

వారం తిరక్కుండా వాకిలి మూల ఎర్తు కోసం గొయ్యి తవ్వించి, బొగ్గు, ఉప్పు, రాగి రేకు వేయించింది. మోటారు బాగు చేయించి, తడి తగలని గోడకు మూడు రంధ్రాల బోర్డు పెట్టించింది. వేలాడే వైరు పోయింది. అంతటితో ఊరుకోలేదు. పాలు పోస్తూ ప్రతి ఇంట్లోనూ, “మీకు ఎర్తింగుందా?” అని అడిగేది. లేదంటే రేపు మళ్లీ అడిగేది. ఆ పోరు పడలేక వీధిలో సగం మంది ఎర్తు పెట్టించుకున్నారు. చదువు రాని ఆమె ముందు నా డిగ్రీ ఎప్పుడు గుర్తొచ్చినా చిన్నబోతాను.

ఆమె ఇప్పుడు లేదు. ఈమధ్య ఉస్మాన్‌గంజ్‌లో ఆమె కూతురు కనిపించి, “మంచిగున్నరా సారూ?” అని పలకరించింది. చెవుల పక్కన జుట్టు నెరిసింది. వయసు మీద పడటాన్ని చూసి అంత సంతోషించడం నాకు అదే మొదటిసారి.