మటోకేలా ఉడికిన ప్రోటీన్

కంపాలాలో మా ల్యాబ్‌లో పనిచేసే క్యోముహెండో అక్కది మసిండి ఊరు. పంతం పడితే తిండి కూడా మానేస్తుంది. ఆమె పట్టుకు కూర్చున్న ప్రోటీన్, బ్యాక్టీరియా డీఎన్ఏకి అతుక్కుని, గెలాక్టోజ్ అనే చక్కెరను అరిగించే జన్యువులకి తాళం వేస్తుంది; ఆ చక్కెర ఎదురైతే వదిలేస్తుంది. అది నిజంగా అతుక్కుందో లేదో జెల్ అనే మెత్తటి పలకలో పోసి, కరెంటుతో కిందికి లాగి చూస్తాం. అతుక్కుంటే డీఎన్ఏ బరువెక్కి పైనే ఆగాలి. అక్కది మాత్రం ప్రతిసారీ కిందికి జారిపోయేది.

"నీ ప్రోటీన్‌కి చేతుల్లేవమ్మా!" అని నవ్వాడు మా పెద్దాయన ముగెర్వా.

అక్కకి ఒళ్ళు మండింది. మర్నాడు ప్రోటీన్, డీఎన్ఏ కలిపిన గొట్టాన్ని ఎప్పట్లాగే మరిగే నీళ్ళలో దించబోయి, టక్కున ఆగి నా వైపు తిరిగింది.

"ఛీ, మన బుద్ధులు మండ! ఏ ప్రోటీన్ అయినా మరిగించాకే జెల్‌లో పోయడం అలవాటైపోయి, దీన్నీ మటోకే అరటికాయలా ఉడకబెట్టి చంపేస్తున్నాం. చచ్చింది ఎలా పట్టుకుంటుందే?"

ఈసారి మరిగించకుండా పోసింది. డీఎన్ఏ పైనే ఆగింది. పక్క గాడిలో గెలాక్టోజ్ కూడా కలిపి పోస్తే, అక్కడ కిందికి జారింది.

అక్క నడుం మీద చెయ్యేసుకుని ముగెర్వా వైపు తిరిగింది.

"చేతులున్నాయి సార్. పట్టుకోవడమే కాదు, ఎప్పుడు వదలాలో కూడా తెలుసు వాటికి."