అర బార తక్కువైన తాడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వార్తలను బారలతో కొలిచేవాళ్లం. సాయంత్రం పూట మా నాన్న అరుగు మీద కూర్చుని కొబ్బరి పీచుతో తాడు పేనేవాడు. నేను పక్కన కూర్చుని పేపరో పత్రికో పైకి చదివేదాన్ని. చదవడం అయిపోయాక ఆయన రెండు చేతులూ చాచి తాడును కొలిచేవాడు. అలా చాచినంత పొడవు ఒక బార. కబుర్లు ఎక్కువున్న రోజు పది బారలు, ఏమీ లేని రోజు నాలుగు. పక్కింటి మావ చుట్ట నోట్లో పెట్టుకుని వచ్చి, "ఏటి బావా, ఈయేల దేశం ఎన్ని బారలొచ్చినాది?" అని అడిగేవాడు. "దేశం రెండు బారలే బావా. క్రికెట్టు ఐదు" అనేవాడు మా నాన్న.

మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. కొబ్బరి, జీడి, మధ్యలో పనస. మా నాన్నకు చదువు రాదు. వేలిముద్ర వేసేవాడు. అయినా నేను చదివింది ఒక్కసారి వింటే మరిచిపోయేవాడు కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. మా హైస్కూలు పక్కనే ఒక్క గది గ్రంథాలయం ఉండేది. హైస్కూలు పిల్లల కోసం వేసే ఒక మాసపత్రిక అక్కడికి వచ్చేది. ముందు పేజీల్లో ఆ నెల ప్రపంచంలో జరిగిన సంగతులు, తర్వాత సైన్సు, చివర క్విజ్. బడి వదలగానే నేను అక్కడికి వెళ్లి కూర్చునేదాన్ని. పదో తరగతితో నా బడి చదువు ఆగిపోయింది. ఆ తర్వాత నాకు తెలిసిందంతా ఆ గదిలోనూ, అలాంటి గదుల్లోనూ నేర్చుకున్నదే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కొంచెం గర్వం కూడా ఉంది.

కొత్త సంచికను ఇంటికి ఇవ్వకూడదని నియమం. లైబ్రేరియన్ గారు మాత్రం నాకు వారం రోజులకు ఇచ్చేవారు, మా నాన్న వింటాడని తెలుసు కాబట్టి. "మీ నాన్న కూడా మా పాఠకుడే" అనేవారు.

ఆ నెల సంచికలో మూత్రపిండాల మీద పెద్ద వ్యాసం వచ్చింది. దాన్ని నేను ముందుగా గ్రంథాలయంలోనే చదివాను. ఇంట్లో పైకి చదివేటప్పుడు తడబడకూడదని ప్రతి వ్యాసం ముందే చదువుకోవడం నాకు అలవాటు. మొదటి పేజీలో బొమ్మ, అవి రక్తాన్ని ఎలా వడపోస్తాయన్న వివరం. రెండో పేజీ అంతా అక్షరాలే. అవి పాడైతే కనిపించే గుర్తులు అక్కడ రాశారు. పొద్దున లేచేసరికి పాదాలకు, ముఖానికి వాపు. అన్నం సయించకపోవడం. నీరసం. ఇవన్నీ మా ఇంట్లో రోజూ చూస్తున్నవే.

ఇంటికి వచ్చి అమ్మను అడిగాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది. అంతకు ముందు నెల నాన్నను కాశీబుగ్గలో డాక్టరుకు చూపించారు. డాక్టరు అమ్మను ఒక్కదాన్నే లోపలికి పిలిచి మూత్రపిండాల సంగతి చెప్పాడట. బయటికి వచ్చి అమ్మ నాన్నతో, రక్తం తక్కువగా ఉందట అని చెప్పింది. మా వైపు ఆ జబ్బు లేని వీధి లేదు. అయినా దాని పేరు పెట్టి ఎవరూ పలికేవారు కాదు, "ఆ జబ్బు" అనేవాళ్లు. "నాన్నకి సెప్పకే గుంటా. తెలిస్తే మంచం పట్టేత్తాడు" అంది అమ్మ. సరేనన్నాను. నాకు ఏడుపు రాలేదు. ఆ రోజు లెక్కలన్నీ చేశాను, అన్నం తిన్నాను. అన్నీ వేరే ఎవరో చేస్తున్నట్టు ఉండింది.

మర్నాడు సాయంత్రం నాన్న పీచు ముందేసుకుని కూర్చున్నాడు. నేను ఆ వ్యాసం తీశాను. తీయకుండా ఉండొచ్చు. కానీ దాన్ని దాటేస్తే ఆ నెల పత్రిక మరీ చిన్నదైపోతుంది, ఆయనకు తెలిసిపోతుందనుకున్నాను. మొదటి పేజీ పూర్తిగా చదివాను. మూత్రపిండం చిక్కుడు గింజలా ఉంటుందని రాశారు. పక్కింటి మావ బొమ్మ చూసి, "సిక్కుడు గింజేటే, మన జీడిపిక్క కాదేటి? రాసినోడు పలాస ముఖం సూసినట్టు నేదు" అన్నాడు. నాన్న నవ్వాడు. రెండో పేజీలో గుర్తులు మామూలు గొంతుతో చదివేశాను. అలాంటివి ఎన్నో జబ్బులకు ఉంటాయి కదా అనుకున్నాను. ఆ తర్వాత పేరా మొదటి వాక్యం, ఒకసారి పూర్తిగా పాడైన మూత్రపిండం మళ్లీ మామూలు కాదు అని. ఆ పేరా మొత్తం వదిలేసి, దాని కింద పేరా ఎత్తుకున్నాను.

నేను పేజీ తిప్పిన దగ్గర్నుంచి పేనిన తాడును నాన్న కొలిచాడు. ఆ పత్రికలో బొమ్మ లేని పేజీ ఎప్పుడూ రెండు బారలు వచ్చేది. మళ్లీ కొలిచాడు.

"ఆ రెండో పేజీలో బొమ్మ ఉందేటమ్మా?"

"ఉంది నాన్నా" అన్నాను.

ఆయన తాడు చుట్టేసి లోపల పెట్టేశాడు.

తర్వాత నాలుగు రోజులు ఏమీ జరగలేదు. నేను బడికి వెళ్లాను, వచ్చాను. సాయంత్రం పత్రికలో మిగిలినవి చదివాను. నాన్నకు చాలాకాలంగా నడుం నొప్పి, కొబ్బరిచెట్లు ఎక్కి దిగి వచ్చింది. బడ్డీకొట్లో నొప్పి మాత్రలు కొనుక్కుని పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకునేవాడు. ఆ నాలుగు రోజులూ వేసుకున్నాడు. మంచినీళ్ల చెంబు తెచ్చి ఇచ్చింది నేనే.

ఐదో రోజు, "పుస్తకం రేపు ఇచ్చేత్తావు గదా?" అని అడిగాడు. అవునన్నాను. "ఓపాలి అట్టుకురా. ఆ బొమ్మ సూడాల."

తెచ్చి ఇచ్చాను. మొదటి పేజీలో జీడిపిక్కలాంటి బొమ్మ మీద వేలు పెట్టి చూశాడు. పేజీ తిప్పాడు. పైనుంచి కింద దాకా అరచేత్తో మెల్లగా తడిమాడు. పేజీ అంతా అక్షరాలే.

"ఇందల బొమ్మేదమ్మా?"

నేను అరుగు మీద రాలిన పీచు ఏరసాగాను.

"నాకు అచ్చరం రాదు గానీ, బొమ్మ ఏదో, రాత ఏదో తెల్దేటి? ఆయేల తాడు అర బార తగ్గిపోనాది. నువ్వే సెప్తావేమో అని నాలుగు రోజులు సూసినాను."

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఒగ్గీయండి, అది సిన్నపిల్ల" అంది.

"సిన్నపిల్లయినా సదివేది అదే గదా. నా ఒంటి సంగతి నాను ఇనకూడదేటి?" అని, పీచు దగ్గరికి లాక్కున్నాడు. "ఒగ్గీసింది సదువు. ఏటీ ఒగ్గీకు."

చదివాను. పూర్తిగా పాడైతే మళ్లీ మామూలు కాదన్న వాక్యం చదివాను. నాన్న ముఖం చూడలేక చేతుల కేసి చూశాను. చేతులు ఆగలేదు. పీచు అందుకుంటున్నాయి, పేనుతున్నాయి. అదే పేరాలో ఆ తర్వాతి వాక్యాలు నేను గ్రంథాలయంలో చదివినప్పుడు కళ్లతో దాటేసినవే. మొదటి వాక్యం దగ్గరే నా చదువు ఆగిపోయి ఉండాలి. ఇంకా పూర్తిగా పాడు కాకపోతే జాగ్రత్త పడవచ్చని అక్కడ రాశారు. ఉప్పు తగ్గించాలని రాశారు. డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్రలు వేసుకుంటే మూత్రపిండాలకు మరింత చేటు అని రాశారు.

చేతులు ఆగాయి.

"అది మల్లా సదువు."

మళ్లీ చదివాను. ఆయన పీచు కింద పెట్టి, లేచి లోపలికి వెళ్లాడు. గూట్లో ఉన్న మాత్రల అట్ట తెచ్చి అరుగు కింద ఇసుకలో కాలితో గొయ్యి తీసి పూడ్చాడు. ఆ పని చాలా శ్రద్ధగా చేశాడు, ఏదో మొక్క నాటుతున్నట్టు. అమ్మ గుమ్మంలోనే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మళ్లీ వచ్చి కూర్చుని, "ఇంకా ఉందేటి?" అని అడిగాడు. లేదన్నాను. తాడు కొలిచాడు. ఆ పేరా అర బార వచ్చింది.

నన్ను తిట్టలేదు. "క్విజ్ సదువు" అన్నాడు. ఆ రోజు పది ప్రశ్నల్లో ఆరింటికి జవాబులు ఆయనే చెప్పాడు.

తర్వాత డాక్టరు చెప్పిందంతా అమ్మే నాన్నకు చెప్పింది. కాశీబుగ్గ డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లారు. ఈసారి ఇద్దరూ లోపలికి వెళ్లారు. నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాది వానాకాలంలో నాన్న పోయాడు. ఆ మాత్రలు మానినందువల్ల ఎన్ని రోజులు కలిసొచ్చాయో, ఆ నాలుగు రోజులు వేసుకున్నందువల్ల ఎన్ని తగ్గాయో నేను తర్వాత చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు. దొరకదని ఇప్పుడు తెలుసు. అయినా ఆరోగ్యం మీద కొత్త పుస్తకం చేతికి వస్తే ముందుగా మూత్రపిండాల పేజీలే తిప్పుతాను.

ఇప్పుడు మా వీధిలో ఆడవాళ్లు ఆసుపత్రి కాగితాలు నా దగ్గరికి తెచ్చుకుంటారు. మందుల అట్టలు తెస్తారు. పిల్లలు పత్రికలు తెస్తారు. కొందరు ముందే, "సెడ్డదుంటే సదవకక్కా" అంటారు. అలా అయితే ఏదీ చదవను, ఇంట్లో అందరూ కలిసి వినడానికి సిద్ధమైనప్పుడు రమ్మంటాను. చదవడం మొదలుపెడితే మాత్రం మొత్తం చదువుతాను. చెడ్డ వాక్యం ఒక్కటే అని వదిలేస్తే, దాని పక్కనే ఉన్న పనికొచ్చే వాక్యం కూడా దాంతో పోతుందని నాకు తెలుసు.

చదివేటప్పుడు ఎవరి ముఖమూ చూడను. చేతులు చూస్తాను. అవి ఆగితే నేనూ ఆగుతాను. ఆ వాక్యం వాళ్లు అడగకముందే మళ్లీ చదువుతాను.