సుబియా తీరంలో ఎవరో లైను విసిరారు

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మా మేనత్తకి గాలి సోకిందని ఇంట్లో అందరూ వేపమండలు పట్టుకుని నానా హంగామా చేస్తుంటే, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి జ్వరం మాత్ర వేసినదాన్ని నేను. తెల్లారేసరికి ఆమె లేచి కూర్చుని రాగిసంగటి అడిగింది. కువైట్‌కి వచ్చాక కూడా అంతే. జహ్రాలో నేను పనిచేసే ఇంట్లో పై గదిలో ఏదో తిరుగుతోందని నాకంటే ముందున్న పనామె భయపెట్టి వెళ్లింది. వెళ్లి చూస్తే ఏసీ వెనక పావురం గూడు పెట్టుకుంది.

కాబట్టి ఈమెకి ఇలాంటివి కనపడటం అలవాటేమో అనుకోవద్దు. నాకు జరిగింది ఒక్కసారే. పట్టపగలు జరిగింది. పక్కన ఇంకో మనిషి ఉండగా జరిగింది.

నాది రాయచోటి దగ్గర పల్లె. పేరు నాగరత్న. ఇక్కడ అందరూ రత్నా అంటారు. ఇంటి యజమానురాలిని మామా అంటాను, ఆమె తండ్రిని బాబా అంటాను. బాబాని చూసుకోవడమే నా ముఖ్యమైన పని. ఆయనకి ఎనభై దగ్గర పడుతున్నాయి. మాటలో, నడకలో హుషారు తగ్గలేదు గానీ చేతి వేళ్లు వణుకుతాయి. ఆ వణుకే నన్ను చేపల వేటలోకి లాగింది.

బాబా కుర్రతనంలో చదువు కోసం స్కాట్లాండ్ వెళ్లి, చదువు కంటే ఎక్కువగా ఈగ గాలం నేర్చుకొచ్చారు. మామూలు గాలానికి ఎర గుచ్చి, బరువు కట్టి విసురుతాం. దీనికి ఎరా ఉండదు, బరువూ ఉండదు. కొక్కేనికి ఈకలు, దారం చుట్టి పురుగులాగానో రొయ్యపిల్లలాగానో తయారుచేస్తారు. దాన్నే ఈగ అంటారు. ఉఫ్ అంటే ఎగిరిపోయేంత తేలిక. దాన్ని మోసుకుపోయేది లైను. అది మందంగా, బరువుగా, దూరానికి కనపడే రంగులో ఉంటుంది. లైనుని కర్రతో వెనక్కి విసరాలి, అది వెనక పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి, అప్పుడు ముందుకి కొట్టాలి. ఆ ఆగడంలోనే ఉంది విద్యంతా.

ఒకరోజు బాబా ఈగ కట్టబోయి, దారం మూడుసార్లు జారిపోయేసరికి కత్తెర విసిరికొట్టారు. నేను కత్తెర తీసి బల్ల మీద పెట్టి, ఆ కొక్కెం చేతిలోకి తీసుకున్నాను. మూరలు మూరలు మల్లెపూలు కట్టిన వేళ్లు నావి. పావుగంటలో ఈగ తయారైంది. బాబా దాన్ని కళ్లజోడు పైకెత్తి చూసి, కిందికి దించి చూసి, "రత్నా, ఈ రోజు నుంచి వంట ఎవరైనా చేస్తారు, నువ్వు ఇటు రా" అన్నారు. వంటా నేనే చేశాను, ఈగలూ నేనే కట్టాను, అది వేరే సంగతి.

తర్వాత విసరడం నేర్పారు. పెరట్లో కొక్కెం బదులు ఊలు ముక్క కట్టి, "సబర్, సబర్" అనేవారు. సబర్ అంటే ఓర్పు. నాకు అదే లేదు. తొందరపడి కొట్టడం, లైను వచ్చి నా మెడకే చుట్టుకోవడం. డ్రైవర్ సత్తిబాబు గోడకి చేరబడి నవ్వేవాడు. అతనిది అమలాపురం వైపు. చేపల సంగతి తనకి తప్ప ఎవరికీ తెలియదనుకునే మనిషి.

"ఎర లేకుండా చేప పడితే మీసం తీసేత్తానక్కా. ఆయ్, రాసుకోండి!" అన్నాడు.

ఆ చలికాలంలోనే నా ఈగకి సుబైతి పడింది. వెండిలా మెరిసే చేప, ఇక్కడివాళ్లకి ప్రాణం. సత్తిబాబు మాట మీద నిలబడ్డాడు. నున్నటి మూతితో అతను వారం రోజులు మామాకి ఎదురుపడకుండా తిరిగాడు.

ఇక అసలు విషయం. జనవరిలో ఒక శుక్రవారం పొద్దున సుబియా తీరానికి బయల్దేరాం. అక్కడ సముద్రం లోతుగా ఉండదు. ఆటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కిపోయి, బురద, ఇసుక కలిసిన మైదానం తేలుతుంది. పోటు వచ్చేటప్పుడు చేపలు సన్నటి కాలవల వెంట ఒడ్డుకి వస్తాయి. ఆ కాలవల దగ్గర నిలబడి విసరాలి. బయల్దేరే ముందు మామా నన్ను పక్కకి పిలిచి, "మా నాన్నని నీ చేతుల్లో పెడుతున్నా. ఆయన మాట వినకు, గడియారం మాట విను" అంది.

కారు గట్టినేల మీద ఆపి, సత్తిబాబు చాయ్ పెట్టే పనిలో పడ్డాడు. నేనూ బాబా ఐదొందల అడుగులు లోపలికి నడిచి ఒక కాలవ దగ్గర ఆగాం. నీళ్లు మడమల దాకా ఉన్నాయి. ఎండ కూడా వచ్చింది. నేను విసురుతుంటే బాబా నా వెనక నిలబడి తప్పులు పడుతున్నారు. ఎనిమిదిన్నర అయింది, పోటు నీళ్లు పెరుగుతాయి, వెళ్దాం బాబా అన్నాను. ఇంకో పది నిమిషాలు అన్నారు. గడియారం మాట వినమని మామా చెప్పినా, నేను బాబా మాటే విన్నాను. ఆ తప్పు నాదే.

పొగమంచు సముద్రం వైపు నుంచి వచ్చింది. ముందు ఎండ పాలిపోయింది. తర్వాత బాబా తెల్ల కండువా తప్ప ఇంకేం కనపడలేదు. మా అడుగుజాడలు చూసుకుని వెనక్కి పోదామంటే వాటి మీద అప్పటికే నీళ్లు ఎక్కాయి. సత్తిబాబుకి ఫోన్ చేశాను. హారన్ కొట్టమన్నాను. కొట్టాడు. మంచులో ఆ చప్పుడు ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి ఎడమ నుంచి, ఇంకోసారి వెనక నుంచి వచ్చినట్టు వినపడింది. రెండు మూడు సార్లు నడిచి ఆగాం. ప్రతిసారీ నీళ్లు లోతయ్యాయే తప్ప తగ్గలేదు. ఫోన్‌లో దిక్కులు చూపించేది ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. తెలుసుకునే లోపే అది నా చేతిలోంచి జారి నీళ్లలో పడింది.

నీళ్లు మోకాళ్లకి వచ్చాయి. నాకు ఈత రాదు. నాకేమైనా అయితే మా వాళ్లు ఏడుస్తారు, ఆ తర్వాత ఎలాగో బతుకుతారు. బాబాకి ఏమైనా అయితే మామా ముఖం ఎట్లా చూడను? బాబా చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆ చెయ్యి వణుకుతోంది. అది ఎప్పటి వణుకేనని నాకు నేను చెప్పుకున్నాను.

అప్పుడు మా ముందు, నాలుగడుగుల దూరంలో, నీళ్ల మీద ఒక లైను పడింది.

నారింజ రంగు లైను. నా చేతిలో ఉన్నది లేతాకుపచ్చ. అది మంచులోంచి తిన్నగా వచ్చి, నీళ్లు చిందకుండా, పట్టుచీర కొంగు జారినట్టు మెత్తగా వాలింది. ఒక క్షణం అలాగే ఉంది. తర్వాత ఎవరో జానెడు జానెడు లాగుతున్నట్టు వెనక్కి జరిగి, పైకి లేచి మాయమైంది.

"సత్తిబాబూ!" అని అరిచాను.

బాబా నన్ను ఆపారు. "సత్తిబాబు ఈ జన్మలో అట్లా విసరలేడు. చూశావా ఎంత సూటిగా పడిందో?" అన్నారు. మోకాలి లోతు నీళ్లలో, దారి తప్పి, ఎనభై ఏళ్ల మనిషి సంబరపడుతున్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

లైను ఎటు నుంచి వచ్చిందో అటు నడిచాం. కొంచెం దూరం పోయి, ఇంక ఎటు అని ఆగేసరికి మళ్లీ పడింది. మళ్లీ వెనక్కి పోయింది. అలా ఏడుసార్లు. ప్రతిసారీ మేం ఆగాకే పడింది. బాబా అరబీలో సలాం చెప్పారు, ఇంగ్లీషులో పిలిచారు. నేను హిందీలో, తెలుగులో పిలిచాను. ఏ భాషకీ పలుకు లేదు. నీళ్లు మాత్రం పిక్కలకి, అక్కణ్నుంచి మడమలకి దిగాయి.

ఏడోసారి లైను చివరనున్న ఈగ నేను పైన వేసుకున్న నల్ల అబాయా చేతికి తగులుకుంది. మెల్లగా రెండుసార్లు లాగినట్టయింది, చిన్నపిల్లలు కొంగు పట్టి లాగినట్టు. తర్వాత పట్టు వదులైంది. ఈగ నా చేతికే ఉండిపోయింది, లైను వెళ్లిపోయింది. ఇంకో ఇరవై అడుగులు వేస్తే కాళ్ల కింద గట్టి ఇసుక తగిలింది.

అక్కడ ఎవరూ లేరు. మంచు పలచబడి చుట్టూ కొంత దూరం కనపడుతోంది. తడి ఇసుక, దాని మీద మా ఇద్దరి అడుగులు. ఇంకో అడుగు లేదు. పోటు నీళ్లు అక్కడిదాకా రాలేదు కాబట్టి చెరిగిపోయాయనడానికి వీల్లేదు. నేను కావాలనే వెతికాను.

సత్తిబాబు ఎడమవైపు నుంచి, చాలా దూరం నుంచి పరుగెత్తుకొచ్చాడు. "ఎటునుంచి వత్తన్నారక్కా! నేను అటుపక్కనుంచి హారన్ కొడతానే ఉన్నా కదా! పోలీసోళ్లకి ఫోన్ చేసేత్తన్నా ఇప్పుడే!"

"నువ్వు ఈ పక్కకి రాల్యా? ఈడ ఎవురన్నా గాలం యేస్తా ఉన్న్యారా?" అని అడిగాను.

"ఎవరుంటారండి! పొద్దుట్నుంచి ఒక్క బండి కూడా రాలేదు."

చెప్పిందంతా విని అతను వెంటనే బండి తియ్యమన్నాడు. బండి తియ్యాల్సింది అతనేనని బాబా గుర్తు చేశారు. ఆ మర్నాడే కారు అద్దానికి నల్లదారం కట్టాడు. ఇంటికొచ్చాక నేను మామాకి దాచకుండా చెప్పాను. ఆమె తండ్రిని అరగంట తిట్టింది, నన్ను పది నిమిషాలు తిట్టింది, తర్వాత ఇద్దరికీ వేడి సూప్ తనే కాచి ఇచ్చింది.

ఆలోచించగలిగినంతా ఆలోచించాను. ఎవరో నిజంగానే విసిరారనుకుందాం. బాగా చేయి తిరిగినవాడు విసిరినా ఇరవై, ఇరవై ఐదు గజాలు పోతుంది. మేం నాలుగొందల అడుగులు నడిచాం. అంటే ఆ మనిషి మా ముందు వెనక్కి నడుస్తూ విసిరి ఉండాలి. మంచులో మేం ఎక్కడ ఆగామో అతనికెలా తెలిసింది? ఇసుక మీద అడుగులేవి? భయంలో నాకేదో కనపడిందనుకుంటే, బాబాకీ కనపడింది. పైగా ఈగ నా దగ్గరే ఉంది.

తెల్లటిది, మీద నీలం ఈక. నేను కట్టింది కాదు. బాబా పెట్టెలోదీ కాదు. షువైఖ్‌లో గాలాలు అమ్మే దుకాణంలో చూపించాను. దుకాణదారు అటూ ఇటూ తిప్పి చూసి, ఈ ఈక ఏ పక్షిదో తెలియదన్నాడు. ఎక్కడ కొన్నారు, నాకూ పది కావాలి అని అడిగాడు.

బాబా తన దివానియాలో, అంటే మగవాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకునే గదిలో, స్నేహితులకి ఈ కథ ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. వాళ్లంతా గాలాలవాళ్లే. వాళ్ల కబుర్లలో చేప చెప్పినప్పుడల్లా ఒక జానెడు పెరుగుతుంది. బాబా చేపలైతే మూరెడు పెరుగుతాయి. కానీ ఈ ఒక్క కథ మాత్రం ఆయన పెంచలేదు. ఎప్పుడు చెప్పినా ఏడుసార్లే, ఎప్పుడు చెప్పినా నారింజ రంగే. చాయ్ ఇస్తూ నేను ప్రతిసారీ విన్నాను.

అది జరిగిన పది రోజులకి ఒక సాయంత్రం బాబా పెరట్లో కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. విసరట్లేదు, ఊరికే ఆలోచిస్తున్నారు. భయపడుతున్నారేమో అనుకుని దగ్గరకి వెళ్లాను.

"అది ఎవరై ఉంటారు బాబా?" అని అడిగాను.

"ఎవరైతే ఏంటి, దేవుడు చల్లగా చూడాలి. నాకు కావాల్సింది అది కాదు. లైను వెనక్కి విసిరినప్పుడు గాలి కోసిన చప్పుడు వస్తుంది కదా. ఆ రోజు నువ్వు విన్నావా?"

గుర్తు చేసుకున్నాను. అంత నిశ్శబ్దంలో, ఏడుసార్లలో ఒక్కసారి కూడా వినలేదు. అదే చెప్పాను.

"నేనూ వినలేదు. వెనక్కి విసరకుండా అంత దూరం ఎట్లా పంపాడు రత్నా?"

బాబా నన్ను పక్కకి జరగమని, వణికే చేత్తో కర్ర పైకెత్తి, ఈసారి వెనక్కి విసరకుండా ప్రయత్నించారు. లైను వెళ్లి ఆరేసిన దుప్పట్లలో చిక్కుకుంది.